43 ఏళ్ల భర్తకు నాలుగో స్టేజ్ ప్రోస్టేట్ క్యాన్సర్: ఆయనకు చెప్పాలా, దాచాలా?

విజయవాడ కోడలు:
మావారికి 43 ఏళ్లు. నడుం నొప్పి అంటుంటే డిస్క్ ప్రాబ్లమ్ అనుకుని ఫిజియోథెరపీ చేయించాం. తగ్గకపోతే ఎంఆర్ఐ తీయించాం. వెన్నెముకలో మచ్చలు కనిపించాయి. రక్తపరీక్ష చేస్తే, మామూలుగా 4 లోపు ఉండాల్సిన పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్) 400 దాటింది. బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, ఎముకలకు పాకిందట. రిపోర్టుకి నేనూ మా బావగారూ వెళ్లాం. ఆయనకు మాత్రం ప్రోస్టేట్ వాచింది, ఎముకల్లో ఇన్ఫెక్షన్ ఉంది అని చెప్పాం. ఫైలు బీరువాలో నా చీరల కింద ఉంది. సోమవారం హార్మోన్ ఇంజెక్షన్ మొదలు. ఇంజెక్షన్లు వద్దనుకుంటే వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది, ఖర్చు తక్కువ అన్నారు డాక్టర్ గారు. అత్తయ్యగారూ బావగారూ "పేరు వింటేనే వాడు కుంగిపోతాడు, చెప్పొద్దు" అంటున్నారు. నేను ఆయన ముఖంలోకి చూసి మాట్లాడలేకపోతున్నాను. మీ ఇళ్లలో ఏం చేశారు?

పాలకొల్లు పెద్దాయన:
అమ్మా, నేను చెప్పొద్దనే అంటాను. మా తమ్ముడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే నిమ్ము అని చెప్పాం. ఓపిక ఉన్నన్నాళ్లూ పొలం వెళ్లొచ్చాడు, కూతురి పెళ్లి మాటలు మాట్లాడాడు, తృప్తిగా అన్నం తిన్నాడు. మా మేనమామకి డాక్టర్ ముఖం మీదే చెప్పేశాడు. ఆయన ఆ రోజు పట్టిన మంచం మళ్లీ దిగలేదు. భారం మోయడానికి మనం ఉన్నాం కదా, జబ్బు పడ్డవాడి మీద అదీ ఎందుకు వేయడం?

వార్డు సిస్టర్:
క్యాన్సర్ వార్డులో పని చేస్తాను. పెద్దాయన గారి బాధ తెలుస్తోంది, కానీ ఈ జబ్బు దాస్తే దాగేది కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్ పెరగడానికి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ కావాలి. చికిత్సంటే ముందు ఆ హార్మోన్‌ని ఆపేయడమే, ఇంజెక్షన్‌తో అయినా ఆపరేషన్‌తో అయినా. ఆ తర్వాత ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు, నీరసం, ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు రావచ్చు. కోరిక తగ్గిపోతుంది, అంగస్తంభన కష్టమవుతుంది. ఇన్ఫెక్షన్ అనుకుంటున్న 43 ఏళ్ల మనిషి వీటిని ఏమనుకోవాలి?

ఆపరేషన్ అయితే ఆయన ఒప్పుకోకుండా కుదరనే కుదరదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: తన నిర్ణయం తాను తీసుకోగల మనిషి తరఫున, ప్రాణం మీదకు వస్తే తప్ప, ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదు. ఆ కేసులో రోగి తరఫున ఒప్పుకున్నది ఆమె కన్నతల్లే, అయినా చెల్లలేదు.

ఇంకో సంగతి. వెన్నెముకకు పాకింది కాబట్టి కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. జబ్బేమిటో తెలియని మనిషి పొద్దున చూద్దాంలే అని పడుకుంటాడు.

పాలకొల్లు పెద్దాయన:
కోర్టు మాట కాదనను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లో మాత్రం రోగికి గానీ, బంధువులకు గానీ జబ్బు సంగతి తెలిసేలా డాక్టర్ చూడాలని ఉంది. రోగికీ కుటుంబానికీ ఏది మేలో చూడమన్నారు. మనిషిని బట్టి నడుచుకోమనే కదా దాని అర్థం? అతను బెంగటిల్లే మనిషి అయితే రేపు ఈ అమ్మాయి ఒక్కతే ఎలా నెగ్గుకొస్తుంది?

కరీంనగర్ అక్క:
చెల్లీ, మా ఆయనకు 47లో వచ్చింది, ఎముకలకు పాకాకే తెలిసింది. మొదటి ఇంజెక్షన్‌కి ముందే ఆయనకు అంతా చెప్పాం. ఆ రాత్రులు ఎలా ఉండేవో చెప్తాను. అర్ధరాత్రి ఉన్నట్టుండి ముఖం ఎర్రబడి, బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. లేచి మార్చుకుని ఫ్యాన్ కింద కూర్చునేవారు. మందు పనిచేస్తోందిలే అని ఇద్దరం అనుకునేవాళ్లం. తెలుసు కాబట్టే అలా అనుకోగలిగాం.

అంతకంటే కష్టమైంది వేరే ఉంది. ఆయన గది వదిలేసి హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టారు. అడిగితే "నేను నీకు మొగుడిగా పనికిరాను, నీ నిద్ర ఎందుకు చెడగొట్టాలి" అన్నారు. పక్కన కూర్చుని, ఇది మందు చేసే పని, మీ లోపం కాదు, నాకు మీరు పక్కన ఉంటే చాలు అని చెప్పాను. ఒక్కసారి చెప్తే పోలేదు, ఎన్నోసార్లు చెప్పాల్సి వచ్చింది. మా మధ్య ఇన్ఫెక్షన్ కథ ఉంటే ఆ మాటకు నేనేం జవాబిచ్చేదాన్ని? ఊపిరితిత్తుల జబ్బుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది, పెద్దాయన గారూ. ఇది మొగుడూ పెళ్లాల మధ్యకే వచ్చి కూర్చుంటుంది.

మీ తమ్ముడు తృప్తిగా ఉన్నారంటే నమ్ముతాను. ఆయనకు తెలియదని మాత్రం ఎలా చెప్పగలం? వార్డులో మా పక్క మంచం ఆయన మాతో కీమో గురించి అన్నీ మాట్లాడేవారు. కొడుకు లోపలికి రాగానే "నిమ్ము తగ్గుతోందిరా" అనేవారు.

చెల్లీ, మీ బావగారితో ఒక మాట చెప్పు. ఇంత చిన్న వయసులో ఇంత పాకితే బీఆర్‌సీఏ2 లాంటి జన్యుమార్పు ఉందేమో చూడమంటారు. ఉంటే అన్నదమ్ములు ముందుగానే పీఎస్ఏ చూపించుకోవాలి, ఆడపిల్లలకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. ఓలాపారిబ్ లాంటి మందు పనికొస్తుందేమో కూడా దాన్ని బట్టే చూస్తారు. ఆ పరీక్షకు ఒప్పుకోవాల్సింది మీ ఆయనే. దాచి ఎవరిని కాపాడుతున్నారో మీ బావగారినే ఆలోచించుకోమను.

విజయవాడ కోడలు:
అక్కా, ఎన్నాళ్లు బతుకుతాను అని అడిగితే?

కరీంనగర్ అక్క:
జబ్బు పేరు చెప్పడం వేరు, ఏళ్లు లెక్కపెట్టి చెప్పడం వేరు. పేరు దాచొద్దు. మిగతాది ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆయన్నే అడుగు, అంతవరకే చెప్పు. మా ఆయన మందుల సంగతి అంతా అడిగారు, ఏళ్ల సంగతి ఇప్పటికీ అడగలేదు. నేనూ ఎత్తలేదు. హార్మోన్ మందుకు అబిరాటెరోన్ లాంటి మాత్రలు కలిపి ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది అబద్ధం కాదు, ధైర్యంగా చెప్పు.

పాలకొల్లు పెద్దాయన:
నాలుగో స్టేజ్ అన్న మాట చెప్పకుండా ఉంటేనే మంచిదని ఇప్పటికీ అంటాను. చెప్పే పనైతే మాత్రం వాళ్లమ్మ ముందు వద్దు. ఆవిడ ఏడుపు చూసి అతను తన ఏడుపు మింగేస్తాడు.

వార్డు సిస్టర్:
సోమవారం లోపే చెప్పేయండి. ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్ అయితే మొదట్లో కొన్నాళ్లు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. వెన్నెముకలో ఉన్నవాళ్లకు అది ప్రమాదం. అందుకే ఆ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ లాంటి మాత్రలు ముందు మొదలుపెడతారు, లేదా మొదట్లో అలా పెంచని డెగారెలిక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. మీ ప్రిస్క్రిప్షన్‌లో ఏది ఉందో రేపే ఫోన్ చేసి కనుక్కోండి. కాళ్లలో తేడా వస్తే ముందు తెలిసేది ఆయనకే, ఏం గమనించుకోవాలో ఆయనకు చెప్పి ఉంచండి.