పక్షులు డైనోసార్ల సంతతేనా? కాలం లెక్క కుదురుతోందా?

సందేహి:
పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయని ఘంటాపథంగా చెబుతున్నారు. తొలి పక్షి అంటున్న ఆర్కియోప్టెరిక్స్ వయసు 15 కోట్ల ఏళ్లు. దగ్గరి చుట్టమంటున్న డైనోసార్ వెలాసిరాప్టర్‌ది 7 కోట్ల చిల్లర. మనవడి తర్వాత తాత పుడతాడా? చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ ఒంటి మీది పోగులు ఈకలు కావు, కుళ్లిన చర్మంలోని కొల్లాజెన్ (పీచులాంటి ప్రోటీన్) అన్న శాస్త్రవేత్తలూ ఉన్నారు.

రాతిపలక:
సందేహి గారూ, వెలాసిరాప్టర్ తాత అని ఎవరూ అనలేదు, పినతండ్రి వరుస. అన్న కొడుకు కంటే చిన్నవాడైన పినతండ్రి మన ఇళ్లలో కొత్త కాదు. రెండు శాఖలూ విడిపోయింది అంతకు ఎంతో ముందు. అంత పాత శిలాజాలు లేవన్నది ఒకప్పుడు గట్టి అభ్యంతరమే. 2009లో వెలుగులోకి వచ్చిన ఆంకియోర్నిస్ అనే చిన్న జంతువు శిలాజంతో ఆ అభ్యంతరం పోయింది. వయసు సుమారు 16 కోట్ల ఏళ్లు, చేతులకూ కాళ్లకూ పొడవైన ఈకలు. దాన్ని పక్షుల్లో చేర్చాలా వద్దా అని నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా దృష్టిలో ఆ వాదనే పెద్ద సాక్ష్యం.

జర్మనీలోని ఐక్‌స్టెట్ దగ్గర 1951లో దొరికిన అస్థిపంజరాన్ని చిన్న డైనోసార్ కాంప్సోగ్నాథస్ అనుకున్నారు. 1973లో రాతి మీద మసకగా ఈకల అచ్చులు గమనించాకే అది ఆర్కియోప్టెరిక్స్ అని తేలింది. పళ్లు, పొడవాటి ఎముకల తోక, గోళ్లున్న మూడు వేళ్లు! ఈకలు కంటపడకపోతే నిపుణులే పోల్చుకోలేకపోయారు.

ఇక కొల్లాజెన్ సంగతి. మంగోలియాలో దొరికిన ఒక వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద వరసగా చిన్న బుడిపెలున్నాయని 2007లో వెల్లడించారు. ఇప్పటి పక్షులెన్నిటికో రెక్క ఈకల మొదళ్లు అంటుకునే చోట ఇవే ఉంటాయి. కుళ్లిన చర్మం ఎముక మీద బుడిపెలు మొలిపించదు. 2010లో సైనోసారోప్టెరిక్స్ పోగుల్లోనూ ఈకలకు రంగునిచ్చే సూక్ష్మ కణికలు కనిపించాయి.

పిట్టగూడు:
డైనోసార్లకూ పక్షులకూ మధ్య లంకె అని చూపిన 1999 నాటి ఆర్కియోరాప్టర్ శిలాజం మోసం మరచిపోయారా? వేర్వేరు జంతువుల ముక్కలు అతికించి అమ్మారు కదా!

రాతిపలక:
మరచిపోలేదు. దాని తోక వేరే జంతువుదని బయటపెట్టిన షూ షింగ్ కూడా పక్షులు డైనోసార్ల సంతతేనని వాదించే శాస్త్రవేత్తే.

సందేహి:
బుడిపెల సంగతి ఒప్పుకుంటాను. మరి వేళ్లు? బొటనవేలిని 1గా లెక్కిస్తే, పిండంలో పక్షి రెక్క వేళ్లు 2, 3, 4 స్థానాల్లో మొలుస్తాయంటారు. ఈ డైనోసార్లకు మిగిలినవి 1, 2, 3.

రాతిపలక:
ఇది అసలైన ప్రశ్న. 2011లో జపాన్ పరిశోధకులు కోడి పిండంలో కణాల కదలికను గమనించి, అవి 1, 2, 3 వేళ్లేనన్నారు. వివరణల్లో తేడాలు ఇంకా ఉన్నాయి. అయితే డైనోసార్లను కాదనేవారు ఈకలు, జంటగా కలిసిన జత్రుకలు (కాలర్ ఎముకలు), మణికట్టులో అర్ధచంద్రాకారపు ఎముక, ఈ మూడూ ఉన్న మరో పూర్వీకుణ్ని చూపాలి. ఇంతవరకు ఎవరూ చూపలేదు.