హక్కుల ఫిల్మ్ ఫెస్టివల్‌లో తెర మీది మనిషి తర్వాత ‘వద్దు’ అంటే సినిమా ఆపాలా?

చివరి వరుస (చర్చ మొదలుపెట్టినవారు)

మానవ హక్కుల సినిమాలు మాత్రమే వేసే ఒక ఫిల్మ్ ఫెస్టివల్‌కి రెండేళ్లు ఎంపిక బృందంలో పనిచేశాను. జీతం లేదు, ఇష్టంతో చేశాను. రెండో ఏడు జరిగిన ఒక సంగతి ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

ఇంటిపనికి కుదిరి, యజమాని చేతిలో దెబ్బలు తిని, పారిపోయి వచ్చిన ఒకావిడ మీద తీసిన డాక్యుమెంటరీ అది. ముఖం దాచలేదు, పేరు దాచలేదు. సినిమా బాగుంది, నేనే పట్టుబట్టి ఎంపిక చేయించాను. ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు దర్శకుడి ద్వారా ఆవిడ కబురు పంపింది. ‘అప్పుడు ఒప్పుకున్నాను. ఇప్పుడు కొత్త చోట పని చేసుకుంటున్నాను, ఇక్కడ నా గతం ఎవరికీ తెలీదు. దయచేసి వెయ్యొద్దు’ అని. ఆ మాట చెబుతూనే ఆవిడ సంతకం పెట్టిన అంగీకార పత్రం కూడా మా ముందు పెట్టాడు దర్శకుడు. టికెట్లు అప్పటికే అమ్ముడైపోయాయి. వేశాం.

చూసినవాళ్లు బయటికొచ్చి మమ్మల్ని మెచ్చుకున్నారు. ఆ రాత్రి ఆవిడతో మాట్లాడదామనుకున్నాను. మా దగ్గర ఆవిడ ఫోన్ నంబరే లేదు. దర్శకుడిది ఉంది, నిర్మాతది ఉంది, పంపిణీదారుది ఉంది.

తర్వాత ఆ పత్రం మీద తేదీ చూశాను. ఆవిడ తప్పించుకుని వచ్చి అప్పటికి మూడు వారాలు. ఆ స్థితిలో ఉన్న మనిషి, తనకి తలదాచుకునే చోటు చూపించినవాళ్లు ఏ కాగితం మీద పెట్టమన్నా సంతకం పెడుతుంది.

నా వాదన ఇదీ. హక్కుల పేరుతో నడిచే ఫెస్టివల్, ప్రదర్శనకి ముందు తెర మీది బాధితుల్ని మళ్లీ అడగాలి. వద్దంటే ఆపెయ్యాలి. మీరేమంటారు?

ఎడిటింగ్ టేబుల్

మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ మీరు చెప్పే నియమం ప్రమాదకరం అనిపిస్తోంది. పన్నెండేళ్లుగా డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నాను. మేం తీసిన ఒక సినిమాలో కీలకమైన సాక్షి ఫోన్ చేసి తన మాటలు తీసేయమన్నాడు. తీసేశాం. ఏడాది తర్వాత కలిసినప్పుడు చెప్పాడు, ఆ ఫోన్ చేసేటప్పుడు ఎవరి మీద సాక్ష్యం చెప్పాడో ఆ మనుషులే పక్కన కూర్చున్నారట. ‘వద్దు’ అన్న మాట ఎవరిదో ఫోన్లో ఎలా తెలుస్తుంది?

ఇలాంటి సినిమాల్ని ఆపాలని చూసేవాళ్లకి కొదవ లేదు. శ్రీలంక యుద్ధం ఆఖరి నెలల మీద తీసిన డాక్యుమెంటరీని 2013లో కౌలాలంపూర్‌లో ప్రదర్శించినందుకు లీనా హెండ్రీ అనే హక్కుల కార్యకర్త మీద సెన్సార్ చట్టం కింద కేసు పెట్టారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి 2017లో 10,000 రింగిట్ల జరిమానా పడింది. వెయ్యడానికి ఇంత ధర చెల్లించేవాళ్లున్నప్పుడు, ఆపడానికి ఒక్క ఫోన్ కాల్ చాలంటే ఎలా?

జెనీవాలో జరిగే మానవ హక్కుల ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది కదా, 2003లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి సమావేశాలు జరిగే మార్చి నెలలోనే పెడతారు. అక్కడ ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు ఒక సినిమా ఆగిపోతే ఎవరికి లాభమో ఆలోచించండి.

లాయరమ్మ

చట్టం వైపు నుంచి రెండు మాటలు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన, 1948 నాటిది, అందులో 12వ అధికరణం వ్యక్తి గోప్యతని, గౌరవాన్ని కాపాడమంటుంది. 19వది భావప్రకటన స్వేచ్ఛ. మీ ఇద్దరూ ఒకే కాగితంలోని రెండు అధికరణాలు పట్టుకుని వాదిస్తున్నారు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్‌లోనూ ఇదే కథ. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని 7వ అధికరణం చెబుతుంది. జర్నలిజానికి, కళకి మినహాయింపులు పెట్టుకోమని 85వది చెబుతుంది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ అంగీకార పత్రాల భాష. ‘ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లోనూ’ అని రాస్తారు. ఇరవయ్యేళ్ల కింద దాని మీద సంతకం పెట్టిన మనిషికి, తన ఏడుపు ఎవరి ఫోన్లో పడితే వాళ్ల ఫోన్లో కనిపిస్తుందని ఎలా తెలుస్తుంది? కోర్టులో ఆ సంతకం చెల్లొచ్చు. కానీ హక్కుల ఫెస్టివల్ దాన్ని చూపించి చేతులు దులుపుకుంటే నేను ఒప్పుకోను.

మ్యాటినీ

తెలియక అడుగుతున్నాను, ముఖం మసకగా చేసేస్తే సరిపోదా?

చివరి వరుస

మ్యాటినీ గారూ, కొన్నిసార్లు సరిపోతుంది. కానీ గంటన్నర సినిమాలో ముఖమే లేని మనిషితో ప్రేక్షకుడికి బంధం కుదరదు. పైగా గొంతు, నడక, వెనక కనిపించే గోడ కూడా మనిషిని పట్టిస్తాయి.

ఇంతకన్నా మంచి దారి ఉంది. రష్యాలోని చెచెన్యాలో స్వలింగ సంపర్కుల మీద జరిగిన హింస గురించి 2020లో వచ్చిన డాక్యుమెంటరీలో, పారిపోతున్నవాళ్ల ముఖాల స్థానంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వేరేవాళ్ల ముఖాల్ని డిజిటల్‌గా అమర్చారు. కళ్లలో భయం వాళ్లదే, ముఖం మాత్రం ఇంకొకరిది. వాళ్లలో మక్సిమ్ లపునోవ్ అనే ఆయన తన కేసు గురించి బహిరంగంగా మాట్లాడాలని నిర్ణయించుకున్నాడు. సినిమాలో ఆ పత్రికా సమావేశం వచ్చినప్పుడు అమర్చిన ముఖం కరిగిపోయి ఆయన సొంత ముఖం బయటపడుతుంది. నేను కోరేది ఇదే. ఎప్పుడు కనిపించాలో ఆ మనిషే తేల్చుకోవాలి. ఈ పద్ధతికి ఖర్చు చాలా అవుతుందని నాకూ తెలుసు.

ఎడిటింగ్ టేబుల్ గారికి ఒక మాట. ఇండోనేషియాలో 1965 నాటి ఊచకోత మీద 2012లో వచ్చిన డాక్యుమెంటరీ చివర, స్థానిక సిబ్బందిలో ఎంతోమంది పేర్ల దగ్గర ‘అజ్ఞాత వ్యక్తి’ అనే వేశారు, వాళ్ల ప్రాణాలకి ముప్పుందని. తెర మీద గొప్పలు చెప్పుకున్నది హంతకులు. ఆ హంతకులకి ‘వద్దు’ అనే హక్కు ఇవ్వమని నేను అనడం లేదు. సిబ్బంది విషయంలో తీసుకున్న జాగ్రత్త బాధితుల విషయంలోనూ తీసుకోమంటున్నాను.

ఎడిటింగ్ టేబుల్

బాధితుడెవరో, నేరస్తుడెవరో అంత తేలిగ్గా విడదీయలేం. పదమూడేళ్లకే తుపాకీ పట్టించిన పిల్లాడు పెద్దయ్యాక తను చేసిన హత్యల గురించి చెప్పుకున్నాడనుకోండి. అతన్ని ఏ వైపు నిలబెడతారు?

ఇంకోటి. ముఖం చూపించమని పట్టుబట్టేవాళ్లు కూడా ఉంటారు. ‘తప్పు చేసింది వాళ్లు, నేనెందుకు దాక్కోవాలి’ అని ఒకావిడ నన్ను నిలదీసింది. ఆమెని కాపాడుతున్నామనుకుని మేమే మసకచెయ్యబోయాం. నాకు సిగ్గేసింది.

పేరు వద్దు

ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నేను తెర మీద కనిపించినదాన్ని. ఏ సినిమా అన్నది చెప్పను.

సినిమా తీసినందుకు నాకు కోపం లేదు. నేను చెప్పాలనుకున్నదే చెప్పాను. తర్వాత ఏ ఊళ్లో, ఏ రోజున, ఎంతమందికి వేస్తున్నారో నాకెవరూ చెప్పలేదు. అది కష్టంగా ఉండేది. ఒకసారి నన్ను పిలిచి స్టేజీ ఎక్కించారు. దర్శకుడిని కెమెరా గురించి అడిగారు, నన్ను మాత్రం ‘ఆ రోజు ఏం జరిగింది’ అని మళ్లీ అడిగారు. అదంతా అప్పుడే తెర మీద చూశారు కదా! 2020లో ఫెస్టివల్స్ ఆన్‌లైన్‌కి మారినప్పుడు నా సినిమా కూడా పెట్టారు. వేరే దేశాలవాళ్లకి మాత్రమే కనిపిస్తుంది, ఇక్కడ తెరుచుకోదు అన్నారు. మా బంధువుల అబ్బాయి వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకుని చూసేశాడు. ఆ వారమంతా నేను పడ్డ టెన్షన్ ఎవరికీ తెలీదు.

నన్ను అడిగి ఉంటే హాల్లో వెయ్యమనేదాన్ని, ఆన్‌లైన్‌లో వద్దనేదాన్ని. మీరంతా వెయ్యాలా, ఆపాలా అని మాత్రమే మాట్లాడుతున్నారు.

చివరి వరుస

అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. నా ప్రశ్నే ఇరుగ్గా ఉందని మీ మాటతో తెలిసింది.

పాత బృందానికి ఈ వారమే మెయిల్ రాస్తున్నాను. దరఖాస్తులో కొన్ని ప్రశ్నలు చేర్చమని అడుగుతాను. పూర్తయిన సినిమాని తెర మీదివాళ్లకి చూపించారా, ఎప్పుడు? హాలుకి, ఆన్‌లైన్‌కి విడివిడిగా అడిగారా? ఫెస్టివల్ వాళ్లతో నేరుగా మాట్లాడే వీలుందా? ఆ మాట్లాడేది కూడా దర్శకుడూ నిర్మాతా కాకుండా, తెర మీదివాళ్ల భాష వచ్చిన బయటి మనిషి అయ్యుండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాలి, ఒకసారి కాదు, రెండు సార్లు. పక్కన ఎవరో కూర్చుని చెప్పించే ప్రమాదం అప్పుడు కొంతైనా తగ్గుతుంది. అయినా వద్దంటే మాత్రం నేను ఆపే వైపే ఉంటాను.

ఎడిటింగ్ టేబుల్

ఆ చివరి వాక్యం దగ్గర నాకు ఇంకా పేచీ ఉంది. ఆపడం అన్నది ఆఖరి దారి కావాలి. ముందు ఆ మనిషి ఉన్న సన్నివేశాలు తీసేసి వెయ్యగలమేమో చూడాలి. మిగతావన్నీ ఒప్పుకుంటున్నాను.

‘పేరు వద్దు’ గారూ, వచ్చే వారం మేం ఒక సినిమా ఎడిటింగ్ ముగించాలి. అందులో ఒక పెద్దాయన ఉన్నారు, షూటింగ్ అయ్యాక ఆయన్ని ఎవరూ కలవలేదు. ఇక మార్పుల్లేకుండా లాక్ చెయ్యడం వాయిదా వెయ్యమని ఇప్పుడే నిర్మాతకి ఫోన్ చేశాను. ముందు ఆయన చూస్తారు.