ఐర్లాండ్ క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో కమ్యూనియన్, జూన్ ప్రోగ్రాములు: మన పిల్లలు ఎంతవరకు వెళ్లొచ్చు?

ఆంగార్_అమ్మ:

అందరికీ నమస్తే. పోయిన ఆగస్టులో హైదరాబాద్ నుంచి డబ్లిన్ వచ్చాం, పాప సెకండ్ క్లాస్, బాబు సిక్స్త్ క్లాస్, ఇద్దరికీ ఇంటి దగ్గరున్న క్యాథలిక్ ప్రైమరీలోనే సీటు దొరికింది. స్కూల్ మీద నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు, టీచర్లు చాలా ప్రేమగా చూసుకుంటారు. ఇప్పుడు వచ్చిన చిక్కేంటంటే సెకండ్ క్లాస్‌లో పిల్లలకి ఫస్ట్ హోలీ కమ్యూనియన్, అంటే ఫాదర్ ఇచ్చే అప్పం (పల్చటి రొట్టె బిళ్ల) మొదటిసారి తీసుకునే వేడుక, ఉంటుందంట, ఈ నెల మూడో శనివారం చర్చిలో, క్రిస్మస్ సెలవులయ్యాక మొదలుపెట్టి ఇప్పటిదాకా క్లాసులో దానికోసం పాటలు, ప్రార్థనలు ప్రాక్టీస్ చేయిస్తూనే ఉన్నారు. మేం హిందువులం కాబట్టి పాప చేయదని మొదట్లోనే ఫామ్ మీద రాసిచ్చాం, టీచర్ కూడా సరే అన్నారు. కానీ పాపకి ఆ పాటలన్నీ నోటికొచ్చేశాయి, ఫ్రెండ్స్ అందరూ తెల్ల గౌన్ల గురించే మాట్లాడుకుంటున్నారు, నిన్న రాత్రి "నేనొక్కదాన్నే ఎందుకు లేను అమ్మా" అని ఏడ్చి పడుకుంది.

అంతటితో అయిపోలేదు, జూన్ లిస్ట్ కూడా వచ్చింది. స్పోర్ట్స్ డే, కేక్ సేల్, స్కూల్ టూర్, ఇయర్ ఎండ్ మాస్ (చర్చి పూజ), సిక్స్త్ క్లాస్ గ్రాడ్యుయేషన్, అది కూడా చర్చిలోనే. మా అత్తయ్య ఫోన్‌లో పిల్లల్ని చర్చికి పంపుతున్నారా అని బాధపడుతున్నారు, మావారేమో స్కూల్ అన్నాక అందరితో కలిసి ఉండాలి కదా అంటారు. పాపని ఆ శనివారం చర్చికి తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్తే అక్కడ ఎలా ఉండాలి? మీ పిల్లల విషయంలో మీరేం చేశారో చెప్పండి ప్లీజ్.

లూకన్_నాన్న:

ముందు టెన్షన్ పడకండి అండి, ఇక్కడ ప్రైమరీ స్కూళ్లలో పదింట దాదాపు తొమ్మిది క్యాథలిక్ ప్యాట్రనేజ్ కిందే, అంటే చర్చి ఆధ్వర్యంలోనే ఉంటాయి, జీతాలు గవర్నమెంట్ ఇస్తుంది, ప్యాట్రన్‌గా బిషప్ ఉంటారు. కాబట్టి మీ పరిస్థితి ఇక్కడ మన తెలుగు ఇళ్లలో చాలామందికి వచ్చేదే. మా ఇద్దరు పిల్లలూ అలాంటి స్కూల్లోనే చదివారు.

మా పెద్దమ్మాయి సెకండ్ క్లాస్‌లో ఉన్నప్పుడు నేను ఫిబ్రవరిలోనే టీచర్‌ని కలిసి మాట్లాడాను. కమ్యూనియన్ తీసుకోదు, కానీ క్లాస్‌తో పాటు ఉండాలనుకుంటోంది, ఏం చేయొచ్చు అని అడిగితే ఆవిడే దారి చూపించారు. పాప పాటల గ్రూప్‌లో నిలబడింది, చివర్లో పిల్లలు చదివే చిన్న ప్రార్థనల్లో ఒకటి తెలుగులో చదివింది, అమ్మానాన్నల ఆరోగ్యం కోసం రెండే లైన్లు. ఆ రోజు పరికిణీ వేసుకుంది, తెల్ల గౌన్ల మధ్యలో ఆకుపచ్చ పరికిణీ, అక్కడి బామ్మలందరూ వచ్చి పలకరించారు. మీకు ఇంకా టైముంది, రేపే టీచర్‌కి మెసేజ్ పెట్టండి.

చర్చిలో ఎలా ఉండాలంటే అందరూ నిలబడితే నిలబడండి, కూర్చుంటే కూర్చోండి, మోకాళ్ల మీద ఉండటం మీకిష్టం లేకపోతే ఊరికే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక ఫాదర్ అప్పం ఇచ్చేటప్పుడు లైన్‌లోకి వెళ్లకుండా మీ సీట్లోనే ఉండండి. పాప ఫ్రెండ్స్‌తో కలిసి లైన్‌లో వెళ్తానంటే రెండు చేతులూ ఛాతీ మీద క్రాస్‌గా, కుడి చెయ్యి ఎడమ భుజం మీద, ఎడమ చెయ్యి కుడి భుజం మీద పెట్టుకుని వెళ్లాలి, అలా వస్తే ఫాదర్‌కి అర్థమైపోతుంది, అప్పం ఇవ్వరు, ఆశీర్వదించి పంపిస్తారు. ఇది ఇంట్లో ముందే ప్రాక్టీస్ చేయించండి.

కార్క్_శ్రీ:

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమనుకోవద్దు. అందరితో కలిసిపోవాలి అనే మాటలో పడి మన హక్కులు మర్చిపోతున్నాం. ఈ దేశ రాజ్యాంగం 44వ ఆర్టికల్‌లోనే ఉంది, గవర్నమెంట్ డబ్బు తీసుకునే స్కూల్లో పిల్లలు మత బోధనకి హాజరు కాకుండా చదువుకునే హక్కు. 2018 అడ్మిషన్స్ చట్టం ప్రకారమైతే రిలీజియన్ క్లాస్‌కి రాని పిల్లల కోసం ఏం ఏర్పాటు చేస్తారో స్కూల్ తన అడ్మిషన్ పాలసీలో రాసి పెట్టాలి, దాని పేరు చెప్పి పిల్లల స్కూల్ టైమ్ తగ్గించకూడదు కూడా. అదే చట్టంతో క్యాథలిక్ ప్రైమరీ స్కూళ్లలో సీటు కోసం బాప్టిజం సర్టిఫికెట్ అడగటం కూడా పోయింది.

కానీ కాగితం మీద ఉన్నది వేరు, జరిగేది వేరు. మా బాబు సెకండ్ క్లాస్‌లో ఉన్నప్పుడు ఆ ప్రాక్టీస్ అంతసేపూ వెనక బెంచీలో కూర్చుని రంగులు వేసుకునేవాడు, మార్చి వచ్చేసరికి రోజూ అదే, చర్చికి రిహార్సల్‌కి వెళ్తే వాణ్ణి వేరే క్లాసులో కూర్చోబెట్టేవాళ్లు. వాడు నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ స్కూల్‌కి వెళ్లనని పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. మీ పాప ఏడుపు కూడా అక్కడి నుంచే వస్తోంది, గౌను కోసం కాదు. అందుకే మేం ఎడ్యుకేట్ టుగెదర్ స్కూల్‌కి మార్చేశాం. అక్కడ అన్ని మతాల గురించీ చెప్తారు, కమ్యూనియన్ కావాలనుకున్నవాళ్లు స్కూల్ అయ్యాక విడిగా చూసుకుంటారు. సీటు కష్టమే, అయినా వెయిటింగ్ లిస్ట్‌లో పేరు పెట్టండి.

ఫిరంగిపురం_అమ్మాయి:

అక్కా, నేను క్యాథలిక్‌ని, మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం, ఇప్పుడు ఉండేది నాస్‌లో. మా బాబు పోయినేడాది ఇక్కడే కమ్యూనియన్ తీసుకున్నాడు కాబట్టి అవతలి వైపు నుంచి కూడా చెప్తాను.

మన గుళ్లో ప్రసాదం ఎవరొచ్చినా పెడతాం కదా, ఈ అప్పం అలాంటిది కాదు. మాకు అది దివ్య సత్ప్రసాదం, క్రీస్తు శరీరమే అని నమ్ముతాం, జ్ఞానస్నానం (బాప్టిజం) పొంది, ముందు పాపసంకీర్తనం చేసి, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకుని, ఆ తర్వాతే మొదటిసారి తీసుకుంటాం. అందుకని పాప ఏడుస్తోంది కదా, ఈ ఒక్కసారికి ఇప్పించేద్దాం అని మాత్రం అనుకోవద్దు. ఇది మిమ్మల్ని దూరం పెట్టడానికి కాదు, పూజకి రండి, ముందు వరుసలో కూర్చోండి, పాటలు పాడండి, మాకు నిజంగా సంతోషం.

శ్రీ గారు చెప్పింది చదివి బాధేసింది. మా ఊళ్లో సిస్టర్స్ స్కూల్లో క్యాథలిక్ పిల్లలకి విడిగా జ్ఞానోపదేశం, అంటే మత పాఠం ఉండేది, అదే టైమ్‌లో మిగతా వాళ్లకి మోరల్ సైన్స్, క్లాసులో ఎక్కువమంది హిందువులే కాబట్టి ఎవరూ ఒంటరి అయ్యేవాళ్లు కాదు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు, రిలీజియన్ క్లాస్ అంటే క్లాస్ మొత్తానికి ఒకటే, వద్దన్న పిల్లలకి వేరే టీచర్ ఉండరు, టీచర్ ఒక్కరే అటు పాటలు నేర్పాలి, ఇటు వీళ్లని చూసుకోవాలి. డబ్లిన్‌లో కొన్ని పేరిష్‌లు (ఒక్కో ఏరియా చర్చి) ఈ ప్రిపరేషన్‌ని స్కూల్ నుంచి తీసి పేరిష్‌కే మార్చుకుంటున్నాయి, క్యాథలిక్‌గా నాక్కూడా అదే సరైందనిపిస్తుంది. నమ్మేవాళ్లు ఆదివారం పూజకి వచ్చి నేర్చుకుంటారు, స్కూల్లో ఏ పిల్లాడూ వెనక బెంచీలో కూర్చోనక్కర్లేదు.

పాప గౌను సంగతి... ఆ రోజు మధ్యాహ్నం ఇళ్ల దగ్గర పార్టీలుంటాయి అక్కా, పెరట్లో బౌన్సీ క్యాసిల్ పెట్టి క్లాస్ పిల్లల్ని పిలుస్తారు. దానికి మాత్రం తప్పకుండా పంపండి, కార్డులో పదో ఇరవయ్యో యూరోలు పెట్టి ఇస్తే చాలు.

ఆంగార్_అమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. శ్రీ గారు చెప్పింది చదివాక పాపని కూర్చోబెట్టి అడిగాను, నిజంగానే గౌను గురించి కాదు. రిహార్సల్‌కి అందరూ చర్చికి నడుచుకుంటూ వెళ్తే తనని సీనియర్ ఇన్ఫాంట్స్ క్లాసులో కూర్చోబెడుతున్నారంట, "చిన్నపిల్లల్తో కూర్చోబెడుతున్నారు" అని చెప్పి మళ్లీ ఏడ్చింది. ఈ రోజే టీచర్‌కి మెసేజ్ పెట్టాను, సోమవారం కలుద్దాం అన్నారు. పాటల గ్రూప్ గురించి అడుగుతాను, చేతులు క్రాస్‌గా పెట్టుకోవడం కూడా నేర్పిస్తున్నాను.

మరి జూన్ సంగతి? కేక్ సేల్‌కి నాకు కేక్ చేయడం రాదు, లడ్డూలు చేయొచ్చా? బాబు గ్రాడ్యుయేషన్‌కి మేమూ వెళ్లాలా?

స్కూల్లో_పనిచేసే_అక్క:

నేను ఇక్కడ ఒక క్యాథలిక్ స్కూల్లో ఎస్ఎన్ఏగా చేస్తున్నాను, క్లాస్‌లో సాయం కావాల్సిన పిల్లల్ని చూసుకునే పని, కాబట్టి జూన్ నెల లోపలి నుంచి చూస్తాను.

ముందు బాబు గ్రాడ్యుయేషన్ గురించి, దానికి మాత్రం మీరిద్దరూ లీవ్ పెట్టి వెళ్లండి చెల్లీ. పేరుకి మాస్ గానీ అది ఆ పిల్లలకి వీడ్కోలు, ఎనిమిదేళ్లు ఒకే బిల్డింగ్‌లో చదివిన పిల్లలు, సెప్టెంబర్‌లో తలా ఒక సెకండరీ స్కూల్‌కి పోతారు. మీ బాబు చేరింది ఈ ఏడాదే అయినా వాడి పేరు కూడా పిలుస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు, అప్పుడు చప్పట్లు కొట్టడానికి వాడి వైపు నుంచి ఎవరో ఒకరు ఉండాలి. హుడీలు వేసుకుంటారు, వీపు మీద క్లాస్‌లో అందరి పేర్లూ ప్రింట్ అయి ఉంటాయి, పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో ఆర్డర్ వెళ్లకముందే చూసుకోండి, మన పేర్లు తప్పు పడటం నేను చూశాను. ఆఖరి రోజు యూనిఫామ్ చొక్కాల మీద మార్కర్లతో సంతకాలు చేసుకుంటారు కాబట్టి పాత చొక్కా వేసి పంపండి. ఇంటికెళ్లే ముందు స్కూల్ మొత్తం కారిడార్‌లో రెండు వైపులా నిలబడి చప్పట్లు కొడుతుంటే సిక్స్త్ క్లాస్ పిల్లలు మధ్యలోంచి నడిచి వెళ్తారు, అప్పటిదాకా పెద్దరికం చూపించిన మగపిల్లలు కూడా ఏడ్చేస్తారు. ఆ రోజు మధ్యాహ్నం 12కే స్కూల్ వదిలేస్తారు మా దగ్గర, మీ స్కూల్లో టైమ్ కనుక్కుని పెట్టుకోండి.

ఇయర్ ఎండ్ మాస్ మామూలుగా చిన్నదే, పాపకి ఇష్టమైతే పంపండి, లేదంటే టీచర్‌కి ముందే చెప్పండి, కానీ ఈసారి ఇన్ఫాంట్స్ క్లాసులో కాకుండా ఇంకెక్కడ కూర్చుంటుందో అడిగి తెలుసుకోండి. అడగడం మీ హక్కు, అడిగితే టీచర్లు ఏమీ అనుకోరు, వాళ్లకి తట్టకపోవడమే ఎక్కువ.

కేక్ సేల్‌కి లడ్డూలు బాగుంటాయి గానీ జీడిపప్పు, బాదం వేయొద్దు. చాలా స్కూళ్లలో నట్స్ పూర్తిగా నిషేధం, అలర్జీ ఉన్న పిల్లలుంటారు, వాళ్లకి ప్రాణం మీదకొస్తుంది. పల్లీ నూనె కూడా వాడొద్దు. రవ్వ లడ్డూ కిస్‌మిస్‌తో చేసి, ఏమేం వేశారో ఇంగ్లీష్‌లో చిన్న చీటీ రాసి అంటించండి, గోధుమ, పాలు కూడా రాయండి. మా స్కూల్లో పోయినసారి ఒకావిడ సన్‌ఫ్లవర్ నూనెలో చేసిన జంతికలు తెస్తే కప్‌కేకుల కన్నా ముందే అయిపోయాయి. స్పోర్ట్స్ డేకి సన్‌క్రీమ్ ఇంట్లోనే రాసి పంపండి, మేం స్కూల్లో రాయం, గోనెసంచి పరుగు ఉంటుంది కాబట్టి పాపకి లెగ్గింగ్స్ వేయండి, అమ్మానాన్నల పరుగు కూడా పెడతారు, మీరు కూడా బూట్లు వేసుకుని రండి.

టీచర్‌కి గిఫ్ట్ విడిగా కొనకండి, క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో తలా కొంచెం వేసి ఒక వోచర్ ఇస్తారు. దాంతో పాటు పాప చేత్తో రాసిన కార్డు ఇవ్వండి, అవి ఏళ్ల తరబడి దాచుకునే టీచర్లు మా దగ్గర ఉన్నారు.

లూకన్_నాన్న:

సోమవారం టీచర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకో మాట కూడా అడగండి, దీపావళికి మీరొచ్చి క్లాస్‌లో పది నిమిషాలు చెప్తానని. కొన్నేళ్లు అది మిడ్ టర్మ్ సెలవుల్లో పడుతుంది, 2024లో అలాగే పడింది, అలాంటప్పుడు వారం ముందు చేసుకోవచ్చు. మేం ప్రమిదలు తీసుకెళ్లి పిల్లలతో రంగులు వేయించాం, మంట పెట్టనివ్వరు, బ్యాటరీ దీపాలు తీసుకెళ్లండి.

ఆంగార్_అమ్మ:

తప్పకుండా అడుగుతాను అండి. బాబు హుడీ లిస్ట్‌లో పేరు చూశాను, అక్క చెప్పినట్టే ఒక అక్షరం తప్పుంది, ఇప్పుడే ఆఫీస్‌కి మెయిల్ పెట్టాను.