మూసీ నీటిలో ఈస్ట్రోజన్: ఎలైజా అంకెను ఊరి పేరుతో పెట్టవచ్చా?

మూసీ ఒడ్డు: వలిగొండ దగ్గర మూసీ కాలువ నీటిని మా కాలేజీ ల్యాబ్‌లో ఎస్ట్రడయోల్ (ఒక ఈస్ట్రోజన్ హార్మోన్) ఎలైజా కిట్‌తో, అంటే యాంటీబాడీతో పట్టి రంగుతో కొలిచే కిట్‌తో, పరీక్షించాం. గాజు సీసాలో పట్టి, మంచులో తెచ్చి, హార్మోన్‌ను పట్టి ఉంచే సి18 గొట్టం గుండా పంపి గాఢత పెంచాం. హార్మోన్ ఉన్నట్లే తేలింది. వచ్చిన అంకెను ఊరి పేరుతో సహా ఇక్కడ పెడదామనుకుంటున్నాను. అభ్యంతరాలుంటే చెప్పండి.

పానగల్ ల్యాబ్: ఉన్నాయి. లీటరు నీటిని మిల్లీలీటరుకు దించితే హార్మోన్‌తో పాటు హ్యూమిక్ ఆమ్లాలూ (ఆకూ అలమూ కుళ్లితే వచ్చేవి) చిక్కబడతాయి. అవి యాంటీబాడీకి అడ్డుపడితే కిట్ దాన్నీ హార్మోన్ ఖాతాలోనే వేస్తుంది. అక్కడ పారేది హైదరాబాద్ మురుగు. అణువును దాని భారంతో గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో నిర్ధారించుకోకుండా అంకె చెప్పకూడదు.

జడ్చర్ల చూపరి: మీ ఫోటోలో కిట్ పలక మీద నమూనా పోసిన గుంటకు దాదాపు రంగే లేదు. నీరు శుభ్రమనే కదా?

మూసీ ఒడ్డు: తలకిందులుగా చదవాలండీ. ఎస్ట్రడయోల్ అణుభారం 272 మాత్రమే. రెండు యాంటీబాడీలు ఒకేసారి పట్టుకునేంత చోటు దానికి లేదు. అందుకే పోటీ పద్ధతి. నీటిలోని హార్మోన్, ఎంజైము తగిలించిన హార్మోన్ ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి. నీటిలోది ఎక్కువైతే రంగు తగ్గుతుంది.

సూర్యాపేట రైతు: డెంగీకి ర్యాపిడ్ కిట్ చాలదు, ఎలైజా చేయించుకోమంటారు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే ఎలైజా పనికిరాదా?

పానగల్ ల్యాబ్: డెంగీ ఎన్ఎస్1 పెద్ద ప్రొటీన్, రెండు యాంటీబాడీల మధ్య చిక్కుతుంది. ఇక్కడ ఒక్కదానితోనే సరిపెట్టుకోవాలి. పైగా వెతికేది నానోగ్రాముల్లో. 2015 నాటి యూరప్ నీటి కాలుష్యాల నిఘా జాబితా ప్రకారం ఎస్ట్రడయోల్‌ను లీటరుకు 0.4, దాని కృత్రిమ రూపమైన ఎథినైల్ ఎస్ట్రడయోల్‌ను 0.035 నానోగ్రాముల దాకా పసిగట్టగలగాలి. కిట్ పెట్టె మీద రాసే హద్దు శుభ్రమైన ద్రావణానికి, మురుగుకు కాదు.

మూసీ ఒడ్డు: నమూనాను సగానికి పలుచన చేస్తే అంకె సగమైంది. తెలిసిన మోతాదులో హార్మోన్ కలిపితే దాదాపు అంతా లెక్కకు వచ్చింది. హ్యూమిక్ ఆమ్లాలు అంతగా అడ్డుపడి ఉంటే ఈ రెండూ ఇలా కుదరవు.

పానగల్ ల్యాబ్: మరి ఎస్ట్రోన్? మురుగులో సాధారణంగా అదే ఎక్కువ. మీ యాంటీబాడీ దాన్ని ఎస్ట్రడయోల్ అనుకుని ఎంత శాతం పట్టుకుంటుంది?

మూసీ ఒడ్డు: కొద్దిగా. ఎస్ట్రోన్ కూడా ఈస్ట్రోజనే, గంగాజలం కాదు.

పానగల్ ల్యాబ్: శాతం అడిగాను.

గడ్డి బేరం: శాతాలు మీరు తేల్చుకోండి. ఆ నీళ్లతోనే మేం గడ్డి పెంచుతాం. గేదెల పేడలో, మూత్రంలో కూడా ఈస్ట్రోజన్ ఉంటుందని చదివాను. హైదరాబాద్‌దేదో, మా కొట్టందేదో మీ కిట్ వేరు చేసి చెబుతుందా?

మూసీ ఒడ్డు: చెప్పదు. కిట్ కొలిచే ఎస్ట్రడయోల్ మనిషిదైనా గేదెదైనా ఒకటే. ఎథినైల్ ఎస్ట్రడయోల్ కనబడితే మాత్రం వేరే మాట. అది గర్భనిరోధక మాత్రలది, గేదెలు వేసుకోవు.

పానగల్ ల్యాబ్: శాతం ఇంకా చెప్పలేదు.

మూసీ ఒడ్డు: సార్, మా నాన్న నడుము ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయింది. ఇంకో పరీక్ష, ఇంకో నిర్ధారణ అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. మీ అనుమానం అంకె మీదా? అది బయటికి రావడమే మీకు ఇష్టం లేదా?

పానగల్ ల్యాబ్: ఇష్టం లేదు. మా అక్క గేదెలు ఆ కాలువ గడ్డే మేస్తాయి. మూసీ కూరగాయలు విషమని ఒకసారి టీవీలో వచ్చింది. ఆమె అమ్మేది కూరగాయలు కాదు, పాలు. అయినా వాడుక ఇళ్లవాళ్లు గిన్నె పట్టడం మానేశారు. అప్పుడూ ఎవరో ఒక అంకే చూపించారు. మీరు పరీక్షించింది నీళ్లను, పాలను కాదు. ఆ తేడా చదివేవాళ్లకు పడుతుందా?

జడ్చర్ల చూపరి: ఈ మాట మొదటే చెబితే హ్యూమిక్ ఆమ్లాలు తప్పేవి.

గడ్డి బేరం: మురుగు వదిలేవాళ్ల ఊరి పేరు ఎవరూ రాయరు. పొలానికి పారించుకునేవాళ్ల పేరే రాస్తారు. ముందు నాగోలులో నీళ్లు పట్టండి మేడమ్.

మూసీ ఒడ్డు: పడతాను. పాలను పరీక్షించలేదని మొదటి వరుసలోనే రాస్తాను. వలిగొండ పేరు మాత్రం తీయను. ఊరు పేరు లేని నీళ్ల గురించి ఏ అధికారిని అడగాలి?

పానగల్ ల్యాబ్: అధికారి సంగతి తర్వాత. రెండో వరుసలో ఎస్ట్రోన్ శాతం రాయండి.