కొత్త స్వతంత్ర సంగీతాన్ని యాప్ చూపిస్తే చాలునా, మనమే వెతుక్కోవాలా?

ఎంవీపీ కాలనీ సభ్యుడు (చర్చ ప్రారంభం)

మన విశాఖపట్నంలో జాజ్, ఎలక్ట్రానిక్, డ్యాన్స్ సంగీతాలను ఇష్టపడేవారు తక్కువే అయినా ఉన్నారు. ఆ రికార్డులు అమ్మే దుకాణం నాకు తెలిసినంతలో ఊళ్లో లేదు. కచేరీ వినాలంటే హైదరాబాదుకో బెంగళూరుకో రైలెక్కాలి. ఇటువంటి ఊరివారు కొత్త స్వతంత్ర సంగీతాన్ని, అంటే పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా విడుదలయ్యే సంగీతాన్ని, కనుక్కోవడానికి స్ట్రీమింగ్ యాప్ సిఫార్సులే సరైన దారి అని నా అభిప్రాయం. స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన ‘డిస్కవర్ వీక్లీ’ ప్రతి సోమవారం 30 పాటలు ఇస్తుంది. వారానికి నాలుగు నచ్చినా ఏడాదికి రెండు వందలకు పైగా కొత్త పాటలు పరిచయమవుతాయి. ఇంతకంటే మంచి దారి ఉందనేవారు దయచేసి వివరించగలరు.

సీతమ్మధార సభ్యురాలు

మీ లెక్కను కాదనను గానీ, ఆ 30 పాటలు ఎలా వస్తున్నాయో కూడా చూడాలండీ. మీ అభిరుచికి దగ్గరగా ఉన్న శ్రోతలు తమ ప్లేలిస్టులలో ఏ పాట పక్కన ఏ పాట పెట్టుకున్నారన్నదే ఆ సిఫార్సుకు ముఖ్యమైన ఆధారం. ఇంకా ఎవరూ వినని పాట ఎవరి ప్లేలిస్టులోనూ ఉండదు కనుక, నిజంగా కొత్తదైన స్వతంత్ర సంగీతమే ఆ పద్ధతికి అన్నిటికంటే ఆలస్యంగా కనబడుతుంది. దీనికి తోడు, 2020లో స్పాటిఫై ప్రకటించిన ‘డిస్కవరీ మోడ్’ ప్రకారం తక్కువ రాయల్టీకి ఒప్పుకున్న పాటలకు సిఫార్సులలో ఎక్కువ అవకాశం దక్కుతుంది.

నేను నడిచిన దారి చెబుతాను. మా ఇంట్లో మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి కర్ణాటక కచేరీల క్యాసెట్లు ఉండేవి. ఆయన ఇంకా ఎవరెవరితో వాయించారో వెతుకుతూ పోతే, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ కనబడింది. 1995లో రియల్ వరల్డ్ అనే లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) విడుదల చేసిన ఆ ఆల్బమ్‌లో మాండొలిన్ చుట్టూ ఎలక్ట్రానిక్ ధ్వనులు అరకు లోయలో తెల్లవారుజాము మంచులా పరుచుకుని ఉంటాయి. శ్రీనివాస్ గారి పేరే నన్ను జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందానికీ, ఆయన వెంట జాజ్‌కూ చేర్చింది. త్యాగరాజ కీర్తన వినే ఇంటి నుంచి అంత దూరం నన్ను తీసుకెళ్లిన సిఫార్సు నాకు ఏ సోమవారమూ రాలేదు.

అందుకే నచ్చిన పాటకు ఎవరు వాయించారు, ఎవరు మిక్స్ చేశారు, ఏ లేబుల్ విడుదల చేసింది అన్నవి చదవమంటాను. 2000లో ఎలక్ట్రానిక్ రికార్డుల పట్టికగా మొదలైన డిస్కాగ్స్ వెబ్‌సైటులో ఈ వివరాలు ఉంటాయి. కళాకారులు తమ సంగీతాన్ని నేరుగా శ్రోతలకు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటులోనైతే ఆల్బమ్ కొన్నవారి ప్రొఫైల్ బొమ్మలు ఆ పేజీలోనే కనబడతాయి. వాటిలో ఒకదాన్ని తెరిస్తే ఆ మనిషి కొనుక్కున్న సంగీతమంతా మన ముందుంటుంది.

ఏయూ హాస్టల్ విద్యార్థి

అక్కా, బ్యాండ్‌క్యాంప్ ధరలు డాలర్లలోనో పౌండ్లలోనో ఉంటాయి. నా డెబిట్ కార్డుకు విదేశీ చెల్లింపుల అనుమతే లేదు. విద్యార్థులకు ఈ దారి ఎలా కుదురుతుంది?

సీతమ్మధార సభ్యురాలు

వినడానికి డబ్బు అక్కర్లేదు తమ్ముడూ. బ్యాండ్‌క్యాంప్‌లో చాలా ఆల్బములను కొనకముందే పూర్తిగా వినవచ్చు. లండన్‌లో 2011లో మొదలైన ఎన్‌టీఎస్ అనే ఇంటర్నెట్ రేడియోను కూడా ఉచితంగానే వినవచ్చు. కొనగలిగిన రోజున కొనండి. డిజిటల్ అమ్మకాలలో సాధారణంగా 15 శాతం మాత్రమే బ్యాండ్‌క్యాంప్ తన వాటాగా ఉంచుకుంటుంది.

పెందుర్తి సభ్యుడు

నేను ఇంట్లోనే టెక్నో అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతపు ట్రాకులు చేస్తుంటాను. డ్యాన్స్ సంగీతం విషయంలో యాప్ పద్ధతికీ ఆ సంగీత స్వభావానికీ పొత్తు కుదరదని అనుభవం మీద చెబుతున్నాను. హౌస్, టెక్నో ట్రాకులలో చాలావాటికి మొదటి నిమిషమంతా డ్రమ్ములే ఉంటాయి, ఎందుకంటే డీజే ముందు ట్రాకులోంచి దీనిలోకి కలుపుకుంటూ రావడానికి ఆ చోటు కావాలి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే అది ఒకసారి విన్నట్టు లెక్క. ఆ 30 సెకన్లలో డ్రమ్ములు తప్ప ఏమీ వినబడని శ్రోత తరువాతి పాటకు వెళ్లిపోతాడు. అదే ట్రాకు రెండు గంటల డీజే మిక్స్ మధ్యలో, దాని ముందూ వెనకా సరైన ట్రాకుల నడుమ వచ్చినప్పుడు, ఆగి పేరు రాసుకునేలా చేస్తుంది. నా ట్రాకునొకదాన్ని ఒక ఇంటర్నెట్ రేడియోలో ఒకే ఒక్కసారి వేశారు. దాన్ని విని నాకు రాసినవారి సంఖ్య, ఏడాదంతా యాప్‌ల ద్వారా విని రాసినవారి కంటే ఎక్కువ.

మన దేశపు ఉదాహరణ ఒకటి ఉంది. హిందీ సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో బొంబాయిలో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ సంగీత యంత్రాలతో పది రాగాలను డిస్కో లయకు వాయించి రికార్డు చేశారు. ఆ యంత్రాలలో ఒకటైన టీబీ-303 అనే బేస్ సింథసైజర్‌తోనే షికాగోలో ఫ్యూచర్ బృందం 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. సింగ్ గారి రికార్డు మాత్రం పెద్దగా అమ్ముడుపోలేదు. ఒక డచ్ సేకర్త మన దేశంలోని దుకాణంలో ఆ రికార్డు దొరకబుచ్చుకుని 2010లో మళ్లీ విడుదల చేసేదాకా దాన్ని తలుచుకున్నవారే తక్కువ. పాత దొంతరలు తిరగేసే మనిషి లేకపోతే దాన్ని ఏ లెక్కలు బయటికి తెచ్చేవి?

ఎంవీపీ కాలనీ సభ్యుడు

ఆ రికార్డును నేను మొదట విన్నది యూట్యూబ్ సూచన వల్లనేనని మనవి. మొదట కనుక్కున్నది మనిషే, ఒప్పుకుంటాను. కానీ ఎంవీపీ కాలనీలో ఉన్న నా దాకా తెచ్చింది యంత్రమే. అందువల్ల సోమవారం జాబితాను వదులుకోను. అయితే డ్రమ్ముల సంగతి నాకు ఇంతవరకు తెలియదు. మొదటి నిమిషంలోనే దాటేసిన ట్రాకులు చాలా ఉన్నాయి. వాటిని మళ్లీ మొదటినుంచి వింటాను. ఇకపై నచ్చిన ప్రతి పాటకూ లేబుల్ పేరు కూడా రాసుకుంటాను.

ఏయూ హాస్టల్ విద్యార్థి

నిన్న రాత్రి నా గదిలో ముగ్గురం కలిసి ఎన్‌టీఎస్‌లో ఒక గంట జాజ్ కార్యక్రమం విన్నాం. నాలుగు పేర్లు రాసుకున్నాను. మూడు నా యాప్‌లో దొరికాయి; నాలుగోది, అన్నిటికంటే నచ్చినది, బ్యాండ్‌క్యాంప్‌లో మాత్రమే ఉంది.