బ్లూస్ పెంటటోనిక్ స్పీడ్ లిక్కులు: ప్రతి నోటూ పిక్‌తో కొట్టాల్సిందేనా?

ఆరోస్ట్రింగ్

గిటార్ మీద ఎ మైనర్ పెంటటోనిక్ (ఐదు స్వరాల స్కేల్) మొదటి బాక్స్ (చేయి ఒకేచోట ఉంచి వాయించే నోట్ల అమరిక), 5వ ఫ్రెట్ దగ్గర. బ్లూస్ నేర్చుకునేవాళ్లు మొదట పట్టేది ఇదే, స్పీడ్ పెంచబోయి ఆగిపోయేదీ ఇక్కడే. డౌన్, అప్ వరుస తప్పకుండా ప్రతి నోటూ పిక్‌తోనే కొట్టాలని ఒక వర్గం, సగం నోట్లు పిక్ లేకుండా ఎడమచేతి వేలితో కొట్టే హ్యామర్-ఆన్, వేలితో గీరి వదిలే పుల్-ఆఫ్‌లకు వదిలేయాలని ఇంకో వర్గం. ఊరికే వాదించుకోకుండా మూడు లిక్కులు (చిన్న స్వరాల వరుసలు) ముందు పెట్టుకుందాం. 1/8 అంటే ఒకటో స్ట్రింగ్ (అన్నిటికన్నా సన్నది), 8వ ఫ్రెట్.

లిక్ 1, నేరుగా దిగడం: 1/8 1/5 2/8 2/5 3/7 3/5 4/7 4/5
లిక్ 2, ఆరు నోట్ల చుట్టు: 1/5 1/8 1/5 2/8 2/5 2/8, మళ్లీ మొదటికి
లిక్ 3, నాలుగేసి: 1/8 1/5 2/8 2/5, 1/5 2/8 2/5 3/7, 2/8 2/5 3/7 3/5, 2/5 3/7 3/5 4/7

నాది మొదటి వర్గం. బీటుకు నాలుగు నోట్లు వేసినప్పుడు ప్రతి బీటూ డౌన్‌స్ట్రోక్ మీదే పడుతుంది కాబట్టి తాళం చేతిలోనే ఉంటుంది. పుల్-ఆఫ్‌లు కలిపితే ఆ ఆధారం పోతుంది, ఎడమచేయి తొందరపడినా పట్టుబడదు. డిస్టార్షన్ తీసేసి క్లీన్ టోన్‌లో వింటే మాత్రం హ్యామర్ నోట్లు సగం సగం వినిపిస్తాయి. సాధన అంటారా, మెట్రోనోమ్ 60 దగ్గర మొదలు. నాలుగుసార్లు శుభ్రంగా వస్తే 4 పెంచడం, చెడితే 8 తగ్గడం.

నీలిస్వరం

ఆ దారిలో స్పీడ్ వస్తుందేమో గానీ బ్లూస్ రాదండీ. ఏ నోటును నొక్కి పలకాలి, దేన్ని మింగేయాలి అన్నదే బ్లూస్ ఫ్రేజింగ్‌లో సగం పని. అన్నిటికీ ఒకే బరువు ఇస్తే కుట్టుమిషన్ మోతే.

లిక్ 2 చూడండి. 1/5 పిక్, 8 హ్యామర్, 5 పుల్. 2/8 పిక్, 5 పుల్, 8 హ్యామర్. ఆరు నోట్లకు పిక్ దెబ్బలు రెండే. మెట్రోనోమ్ 100లో బీటుకు ఆరు అంటే సెకనుకు పది నోట్లు, కుడిచేతికి మాత్రం సెకనుకు మూడు దెబ్బలు దాటి కొంచెం. పైగా ఆ రెండు దెబ్బలూ సరిగ్గా యాస (ఒత్తు) పడాల్సిన చోటే పడతాయి.

హ్యామర్ నోటు చిన్నగా వస్తోందంటే తప్పు పద్ధతిది కాదు, వేలిది. వేలు ఫ్రెట్ల మధ్య ఖాళీలో కాకుండా ఫ్రెట్ తీగకు ఆనుకుని వెనకే పడాలి. పుల్-ఆఫ్ అంటే వేలు పైకి ఎత్తేయడం కాదు, స్ట్రింగును నేల వైపు కొద్దిగా గీరి వదలడం. ఆ లోపల చూపుడువేలు 5వ ఫ్రెట్‌ను గట్టిగా పట్టి ఉంచకపోతే స్ట్రింగ్ మొత్తం కిందికి లాగబడి 5వ ఫ్రెట్ నోటు శ్రుతి మించుతుంది. ఒకటో స్ట్రింగ్ మీద ఇంకా జాగ్రత్త. ఎక్కువ లాగితే ఫ్రెట్‌బోర్డ్ అంచు మీంచి జారిపోతుంది.

వాలుపిక్

ఇద్దరూ ఎన్ని నోట్లు కొట్టాలనే లెక్కలోనే ఉన్నారు. స్పీడ్‌లో చేయి చెడేది నోటు దగ్గర కాదు, స్ట్రింగ్ మారే దగ్గర. ఏ స్ట్రోక్ తర్వాత మారుతున్నారో చూస్తే చాలు.

పిక్ వెడల్పు భాగం నేల వైపు కొంచెం వాలి, మొన మీ వైపు చూసేలా పట్టుకోండి. ముంజేయి కాస్త వెల్లకిలా తిరుగుతుంది. ఇప్పుడు డౌన్ కొడితే పిక్ వచ్చి పక్క స్ట్రింగ్ మీద ఆనుతుంది, అంటే రెండు స్ట్రింగుల మధ్య ఇరుక్కున్నట్టే. అప్ కొడితే స్ట్రింగుల మట్టం దాటి దానంతటదే పైకి లేస్తుంది. లేచిన పిక్‌ను ఏ స్ట్రింగ్ మీదికైనా దించొచ్చు. కాబట్టి ఈ పట్టుకు సూత్రం ఒకటే: ప్రతి స్ట్రింగునూ డౌన్‌తో మొదలుపెట్టి అప్‌తో వదలాలి. జాంగో రైన్‌హార్ట్ దారిలో నడిచే జిప్సీ జాజ్ వాళ్ల చేయి ఇదే. ఎరిక్ జాన్సన్ పెంటటోనిక్ పరుగుల వెనకా ఉన్నది ఇదే వాలు.

పెంటటోనిక్‌లో స్ట్రింగుకు రెండే నోట్లు. అందుకే లిక్ 1 డౌన్, అప్, డౌన్, అప్ అని పోతూ ప్రతి మార్పూ అప్ తర్వాతే వస్తుంది. అదే లిక్‌ను అప్‌తో మొదలుపెట్టి చూడండి, మార్పు వచ్చిన ప్రతిచోటా తట్టుకుంటారు.

లిక్ 2ను ఆరోస్ట్రింగ్ గారి పద్ధతిలో కొడితే ఒకటో స్ట్రింగ్ మీద డౌన్, అప్, డౌన్. అక్కడ ఇరుక్కుంటుంది. దీనికి నా దారి: 1/5 డౌన్, 1/8 అప్, 1/5 పుల్. 2/8 డౌన్, 2/5 అప్, 2/8 హ్యామర్. ఆరింటిలో నాలుగు పిక్, రెండు స్లర్ (పుల్, హ్యామర్). రెండు మార్పులూ అప్ తర్వాతే. స్లర్ ఇక్కడ అలంకారం కోసం కాదు, లెక్క సరిచేయడానికి.

ఆరోస్ట్రింగ్

వాలుపిక్ గారూ, ఇది ఒక చేతిని ఒక స్కేలుకు కట్టేయడం. స్ట్రింగుకు మూడు నోట్లున్న మేజర్ స్కేల్ వచ్చిందంటే మీ సూత్రం సగం చోట్ల పనిచేయదు. జాన్ మెక్‌లాఫ్లిన్ పెంటటోనిక్ పరుగుల్ని ప్రతి నోటూ కొడుతూనే వాయిస్తాడు. స్టీవ్ మోర్స్ స్ట్రింగుకు ఒక్కో నోటు ఉన్న ఆర్పీజియోలు (కలిసి మోగే నోట్లను ఒక్కొక్కటిగా వాయించడం) కూడా డౌన్, అప్ మార్చే ఆల్టర్నేట్‌లోనే కొడతాడు. వాళ్లు డౌన్ తర్వాతా, అప్ తర్వాతా రెండు వైపులా బయటపడతారు. అది నేర్చుకుంటే ఏ లిక్‌కూ ప్రత్యేకంగా ఏర్పాట్లు అక్కర్లేదు.

నెమ్మదిగా మొదలుపెట్టడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. సంగీతం ఎక్కడైనా సరళీ వరుసల నుంచే కదా.

వాలుపిక్

మెక్‌లాఫ్లిన్‌ను కాదనను. ఆ రెండు వైపుల కదలిక ఉన్నవాళ్లు హాయిగా వాడుకోవచ్చు. మణికట్టు చిన్న విల్లులా తిరుగుతుంది, డౌన్ చివరా అప్ చివరా పిక్ లేస్తుంది. కానీ అందరూ అదే అనుకుని చేసేది అది కాదు. ప్రతి నోటుకూ పిక్‌ను నిలువుగా ఎత్తి దించుతుంటారు. 60లో ఈ గెంతుడు ఎంతో శుభ్రంగా వినిపిస్తుంది. నాలుగుసార్లు బాగా వచ్చిందని 4 పెంచుతారు, మళ్లీ 4 పెంచుతారు. అలా బాగా అచ్చయ్యేది స్పీడ్‌కు పనికిరాని కదలికే. ఒక చోట ముంజేయి బిగుసుకుని ఆగిపోతుంది, అప్పుడు ఇంకా నెమ్మదిగా చేయమంటారు.

ముందు ఒకే స్ట్రింగ్ మీద, ఎడమచేయి లేకుండా, ట్రెమోలో (ఒకే నోటు ఆగకుండా డౌన్, అప్) కొట్టి చూడండి. మెట్రోనోమ్ 150లో బీటుకు నాలుగు, అంటే సెకనుకు పది. పది సెకన్లు మోచేయి బిగుసుకోకుండా వస్తే కుడిచేతి స్పీడ్‌కు లోటు లేదు, మీ లోపం స్ట్రింగ్ మార్పులోనే. ట్రెమోలోలోనే నొప్పి వస్తే ఏ లిక్ సాధన చేసినా వృథా, ముందు కదలిక మార్చాలి.

తర్వాత లిక్ 1లో మొదటి నాలుగు నోట్లు, ఆ పైన ఐదో నోటు మీద ఆగడం. ఇంతే, 120లో. మొదట్లో గజిబిజిగా వచ్చినా పర్వాలేదు, చేయి తేలిగ్గా ఉందా లేదా అన్నదే చూడాలి. ఫోన్‌లో స్లో మోషన్ (సెకనుకు 240 ఫ్రేములు) పెట్టి పిక్ ఏ స్ట్రోక్ చివర లేస్తోందో చూసుకోండి. కదలిక సరిగ్గా ఉందని తేలాక స్పీడ్ తగ్గించి రెండు చేతుల్నీ కలపండి.

త్రికాలం

సరళీ వరుసల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడ మూడు కాలాలంటే మెట్రోనోమ్ నాలుగేసి పెంచడం కాదండీ. తాళం అదే నడకలో ఉంటుంది, అక్షరానికి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. ప్రతిసారీ రెట్టింపు. ఒకే కూర్చోవడంలో మూడూ పాడిస్తారు. అంటే పిల్లవాడి గొంతు మొదటి రోజుల నుంచే వేగంలో ఎలా నడవాలో రుచి చూస్తుంది. ఈ పద్ధతి వాలుపిక్ గారి వైపే ఎక్కువ మొగ్గుతుంది.

ఈ స్కేల్ మనకు కొత్తేమీ కాదు, మైనర్ పెంటటోనిక్ మెట్లు శుద్ధ ధన్యాసి రాగానివే: స గ2 మ1 ప ని2. గమకం వేరు, స్వరస్థానాలు అవే. పిక్‌తో ఈ సంగీతాన్ని అతివేగంగా వాయించినవారు కావాలంటే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఉండేవారు. మెక్‌లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు కూడా.

లిక్ 3 మీద ఇంకో కోణం. దాన్ని బీటుకు నాలుగు చొప్పున వేస్తే అభ్యాసంలాగే వినిపిస్తుంది. అవే నాలుగేసి నోట్లను బీటుకు ఆరు పడేలా, తిశ్ర గతిలో పెట్టండి. యాస ప్రతి గుంపు మొదటి నోటు మీదే ఉంచితే మూడు గుంపులకు రెండు బీట్లు అవుతాయి, యాస బీటును దాటి దాటి పడుతుంది. షఫుల్ (బ్లూస్‌లో ఊగే లయ) మీద అది వెంటనే బ్లూస్ అయిపోతుంది. కాలితో బీటు వదలకుండా ముందు నోటితో త-క-ది-మి అనుకుంటూ సాధించాలి, లేకపోతే మూడో గుంపు దగ్గర కాలు కూడా లిక్ వెంట పోతుంది.

కొత్తచెయ్యి

నాకు లిక్ 3 అస్సలు పడట్లేదన్నా. లిక్ 1 110లో వస్తోంది, ఇది 70 దాటట్లేదు. అకౌస్టిక్, స్ట్రింగులు 12-53 (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం), షాపులో ఇచ్చిన పల్చటి పిక్. గిటార్ మార్చాలా?

వాలుపిక్

తమ్ముడూ, గిటార్ తర్వాత సంగతి. లిక్ 3 నిజంగానే ముళ్లదారి. రెండో గుంపు 1/5, 2/8, 2/5, 3/7 ఆల్టర్నేట్‌లో డౌన్, అప్, డౌన్, అప్. అందులో 1/5 తర్వాతా, 2/5 తర్వాతా, రెండు మార్పులూ డౌన్ తర్వాతే. వాలు పిక్‌కు రెండుచోట్లా ఇరుకే. దీనికి మధ్యవేలును పిలవాలి:

మొదటి గుంపు: డౌన్, అప్, డౌన్, అప్
రెండో గుంపు: 1/5 మధ్యవేలు, 2/8 డౌన్, 2/5 అప్, 3/7 డౌన్
మూడో గుంపు: 2/8 డౌన్, 2/5 అప్, 3/7 డౌన్, 3/5 అప్
నాలుగో గుంపు: 2/5 మధ్యవేలు, మిగతావి రెండో గుంపులాగే

3/7 నుంచి 2/8కి రెండు డౌన్‌లు వేర్వేరు కాదు, ఒకే తోపు. 3/7 కొట్టిన పిక్ రెండో స్ట్రింగ్ మీద వచ్చి ఆనుతుంది, అక్కడి నుంచే తోసేయడం. ఇక్కడ ఎక్కువమంది తొందరపడి రెండు నోట్లూ కలిపేస్తారు. ఆనిన తర్వాత ఒక్క క్షణం ఆగినట్టు అలవాటు చేసుకో. మధ్యవేలు నోటు చటుక్కున మోగితే వేలు లోతుగా దూరుతోందని అర్థం, కొసతో మాత్రమే తగలాలి.

2/5 నుంచి 1/5కి వచ్చేటప్పుడు చూపుడువేలు ఎత్తి పెట్టొద్దు. వేలి కొసతో 2/5 నొక్కి, కణుపు వంచి మెత్తటి భాగాన్ని 1/5 మీదికి దొర్లించు. చదునుగా పడుకోబెడితే రెండూ కలిసి మోగుతాయి.

ఆరోస్ట్రింగ్

మధ్యవేలు, ఒకే తోపు, దొర్లింపు. ఒక్క లిక్‌కు ఇన్ని ఏర్పాట్లా! ఇంకో బాక్స్‌కు వెళ్తే మళ్లీ మొదటి నుంచి లెక్క వేయాలి.

పిక్ విషయంలో మాత్రం మాట కలుపుతాను. 0.46, 0.60 మిల్లీమీటర్ల పల్చటివి కార్డులు (ఒకేసారి మోగే నోట్లు) వాయించడానికి. స్ట్రింగుకు తగిలినప్పుడు వంగి, ఆలస్యంగా వదులుతాయి. స్పీడ్‌లో ఆ ఆలస్యమే తడబాటు. 0.88 నుంచి మొదలుపెట్టు. జాజ్ త్రీ లాంటి చిన్న, 1.38 మందం పిక్ అలవాటైతే ఇంకా మంచిది. బొటనవేలి బయట మొన రెండు మూడు మిల్లీమీటర్లు మించి కనిపించకూడదు. పిక్‌ను స్ట్రింగుకు చదునుగా కాకుండా కొంచెం ఓరగా, అంచుతో తాకించు, రాపిడి తగ్గుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు కొలువు. సన్న స్ట్రింగ్ వైపు 2.5 మిల్లీమీటర్లకన్నా బాగా ఎక్కువుంటే సెటప్ చేయించు, ముందు ఖర్చు అదే.

నీలిస్వరం

12-53 సెట్‌లో మూడో స్ట్రింగ్ చుట్టు తీగే కదా, దాని మీద 3/7 పూర్తి బెండ్ (స్ట్రింగును లాగి స్వరం పెంచడం) గురించి మరిచిపో తమ్ముడూ. 3/5ను చూపుడువేలితో నేల వైపు పావు స్వరం లాగితే చాలు, ఆ సి నోటు వంకర తిరిగితేనే లిక్‌కు బ్లూస్ వాసన. వేగం మధ్యలో ఇది చేయడానికి ఖాళీ కావాలి. అందుకే 3/5 మీద దిగేముందు పిక్ తగ్గించమని మొత్తుకుంటున్నాను.

బ్లూ నోటు (స్కేలుకు కలిపే అదనపు స్వరం, ఇక్కడ 3/8) కలిపితే ఏం చేస్తారో కూడా చెప్పండి. 2/8 2/5 3/8 3/7 3/5 4/7. మూడో స్ట్రింగ్ మీద మూడు నోట్లు.

వాలుపిక్

3/8 డౌన్, 3/7 పుల్, 3/5 అప్. చిటికెన, ఉంగరపు, చూపుడు. అప్‌తోనే వదులుతున్నాం కాబట్టి 4/7కు డౌన్ సిద్ధం. 3/8 డౌన్, 3/7 అప్, 3/5 పుల్ అన్నా లెక్క సరిపోతుంది, కానీ 3/5 బలహీనమవుతుంది.

నీలిస్వరం

లెక్క సరే, చిటికెనవేలు వద్దు. ఉంగరపు వేలితో 3/8 కొట్టి, అదే వేలిని 3/7కు జార్చండి, 3/5 అప్. పిక్ వరుస మీరు చెప్పిందే. ఆ జారులో రెండు ఫ్రెట్ల మధ్య స్వరం వినపడుతుంది, పుల్-ఆఫ్‌లో వినపడదు.

ఆరోస్ట్రింగ్

120 దాటాక ఆ జారు ఎవరికి వినపడుతుందండీ? డౌన్, అప్, డౌన్ కొట్టి 4/7 అప్‌తో అందుకోండి.

వాలుపిక్

120లో 3/5 డౌన్ తర్వాత 4/7 అప్ కొట్టిన స్లో మోషన్ వీడియో పెట్టండి సార్, పిక్ రెండో స్ట్రింగ్‌ను తాకకుండా ఎలా వస్తుందో అందరం చూస్తాం.