స్కూటర్ బీఎంఎస్‌లో (బ్యాటరీని కనిపెట్టుకునే ఎలక్ట్రానిక్స్) ఇంకా ఆర్‌సీ సర్క్యూట్ మోడలేనా?

పల్స్_టెస్ట్:
ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌తో స్కూటర్ బ్యాటరీ ప్యాక్ చేస్తున్నాం. ఛార్జ్ ఎంత మిగిలిందో లెక్కేయడానికి రెండు ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) జతల సర్క్యూట్ మోడల్, దాని మీద కొలతల్ని చూసి అంచనాని సరిదిద్దే కాల్మన్ ఫిల్టర్ వాడుతున్నాం. టీమ్‌లో కొందరు ఇది పాత పద్ధతి, 1993లో డాయిల్, ఫుల్లర్, న్యూమన్ ఇచ్చిన, సెల్ లోపల జరిగేదాన్నే లెక్కగట్టే ఎలక్ట్రోకెమికల్ మోడల్‌కి మారదాం అంటున్నారు. మారాలా?

బెంచ్_మనిషి:
అక్కర్లేదు. ఆ మోడల్‌కి ఎలక్ట్రోడ్ మందం, రేణువుల సైజు, డిఫ్యూజన్ వేగం లాంటివన్నీ కావాలి, సెల్ అమ్మేవాళ్లు అవి చెప్పరు, విప్పి కొలిచే ల్యాబ్ మనలో ఎంతమందికి ఉంది? సర్క్యూట్ మోడల్‌కి పల్స్ టెస్టులు (కాసేపు కరెంట్ పంపి వోల్టేజ్ ఎలా మారుతుందో చూడటం) చాలు, చిన్న చిప్ మీద హాయిగా నడుస్తుంది.

యానోడ్_పక్షం:
ఛార్జ్ శాతం వరకే అయితే సరే. ఫాస్ట్ ఛార్జింగ్ సంగతేంటి? యానోడ్ (ఛార్జింగ్‌లో లిథియం వచ్చి చేరే ఎలక్ట్రోడ్) పొటెన్షియల్ లిథియంతో పోలిస్తే సున్నా కిందికి దిగితే లిథియం లోహంగా పేరుకుంటుంది, సెల్ పాడయ్యేది అక్కడే, బయట టెర్మినల్ వోల్టేజ్‌లో అది నేరుగా కనపడదు. మీ సర్క్యూట్‌లో యానోడ్ అనేదే లేదు కదా, ఇంక దేన్ని చూసి కరెంట్ తగ్గిస్తారు? మొత్తం మోడల్ బరువైతే, ఒక్కో ఎలక్ట్రోడ్‌ని ఒక్కో రేణువుగా తీసుకునే సింగిల్ పార్టికల్ మోడల్ ఉంది. కరెంట్ బాగా పెరిగితే అది తప్పుతుంది కాబట్టి ఎలక్ట్రోలైట్‌ని కూడా కలిపిన రకం తీసుకోండి. పైబామ్ అనే బ్యాటరీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ముందు అందులో నడిపి చూడండి.

డేటా_రాజు:
ఇంత గొడవ ఎందుకు, మెషీన్ లెర్నింగ్ ఉందిగా. 2019లో నేచర్ ఎనర్జీలో వచ్చిన పేపర్ 124 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ మీద, మొదటి 100 సైకిల్స్ చూసి ఆయుష్షుని 9 శాతం ఎర్రర్‌తో చెప్పింది.

బెంచ్_మనిషి:
రాజు గారూ, అవన్నీ ఒకే రకం సెల్స్, 30 డిగ్రీల ఛాంబర్‌లో ఉన్నవి, ఛార్జింగ్ తీరు మారినా డిశ్చార్జ్ అన్నిటికీ ఒకటే. మే నెల విజయవాడలో ఎండలో నిలబెట్టి, సగంసగం ఛార్జ్ చేసే బండికి అదే పనిచేస్తుందని ఎలా నమ్మాలి?

ఓసీవీ_కర్వ్:
అసలు చిక్కు మీరెవరూ పట్టుకోలేదు. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ మధ్యలో చాలా దూరం 3.3 వోల్టుల దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది, పైగా ఛార్జ్ చేసేటప్పుడు ఒక గీత, వాడేటప్పుడు ఇంకో గీత. అక్కడ కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తే శాతం ఎక్కడికో పోతుంది, ఫిల్టర్ సరిదిద్దడానికి సమాచారమే ఉండదు. ఫిజిక్స్ మోడల్ (ఆ ఎలక్ట్రోకెమికల్ రకం) తెచ్చినా ఆ గీత నిటారుగా అయిపోదు. ముందు ఆ రెండు గీతల తేడాని, అంటే హిస్టెరిసిస్‌ని మోడల్‌లో కలపండి, కరెంట్ సెన్సార్ ఆఫ్‌సెట్ (కరెంట్ లేకపోయినా చూపించే తప్పు విలువ) చూడండి, అప్పుడప్పుడు ఫుల్ ఛార్జ్ చేసి లెక్క సరిచేసుకునేలా పెట్టండి. యానోడ్_పక్షం గారు చెప్పింది మాత్రం నిజం, ఫాస్ట్ ఛార్జింగ్ ఇస్తున్నట్టయితే కరెంట్ హద్దులు ఫిజిక్స్ మోడల్‌తో ఆఫీసులో లెక్కగట్టి, ఉష్ణోగ్రతల వారీ టేబుల్‌గా చిప్‌లో పెట్టండి.

పల్స్_టెస్ట్:
ఫాస్ట్ ఛార్జింగ్ ఇస్తున్నాం. అయితే ఆ టేబుల్‌ని సెల్ ముసలిదయ్యే కొద్దీ ఎలా మార్చాలి?